ఆది జాకెట్టులాగే ఆది స్వెట్టరు: చేత్తో అల్లేటప్పుడు ఏ పద్ధతి ఎవరికి కుదురుతుంది

బ్లౌజు పీసు పట్టుకుని టైలరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మనలో ఎవరూ కొలతల కాగితం తీసుకెళ్ళరు. ఆది జాకెట్టు తీసుకెళ్తారు. "ఇలాగే కుట్టు, చంక దగ్గర పట్టేస్తోంది, కాస్త వదులు పెట్టు, వెనక మెడ అరంగుళం దింపు" అని చెప్పి వస్తారు. ఇంత తెలివిగా ఉండే మనమే స్వెట్టరు అల్లడానికి కూర్చుంటే మాత్రం, ప్యాటర్న్‌లో "మీడియం" అని ఉన్న చోట వేలు పెట్టి, అక్కడ రాసినన్ని కుట్లు ఎక్కించేసి, రెండు నెలల తర్వాత తొడుక్కుని చూసి ఏడుస్తాం. నేనూ ఏడ్చాను. ముప్పై ఏళ్ళుగా అల్లుతున్నాను కాబట్టి చాలాసార్లే ఏడ్చాను.

స్వెట్టరు కుదరకపోతే అందరూ ఛాతీ కొలత తప్పిందనుకుంటారు. పది స్వెట్టర్లలో ఎనిమిది చెడేది భుజం దగ్గర, చంక దగ్గర. ఛాతీ ఒక అంగుళం అటూ ఇటూ అయినా అల్లిక సాగుతుంది, సర్దుకుంటుంది. భుజం కుట్టు కిందికి జారి మోచేతి వైపు వెళ్తే, చంక కింద గుడ్డ మూటలా పోగుపడితే, ఇంకేం చేసినా కుదరదు. భుజం దగ్గర ఏం జరుగుతుందో నిర్ణయించేది మీరు ఎంచుకునే అల్లిక పద్ధతే. అందుకని డిజైన్ కన్నా, రంగు కన్నా ముందు ఆలోచించాల్సింది ఈ ఎంపిక గురించి. ముఖ్యంగా నాలుగు పద్ధతులున్నాయి: డ్రాప్ షోల్డర్, సెట్-ఇన్, రాగ్లాన్, గుండ్రటి యోక్ (యోక్ అంటే మెడ చుట్టూ భుజాల మీద కూర్చునే భాగం). ఏది గొప్పదని అడగొద్దు. ఎవరికోసం అల్లుతున్నారో చెప్పండి.

ముందు ఆది తీయండి

ఎవరికి అల్లుతున్నారో వాళ్ళ బీరువాలో బాగా కుదిరిన స్వెట్టరో, స్వెట్ షర్టో ఒకటి ఉంటుంది. చలికాలం టిబెటన్ల దగ్గర కొన్నదైనా పర్వాలేదు. చొక్కా మాత్రం వద్దు. నేత బట్ట సాగదు కాబట్టి దాన్ని కుట్టేటప్పుడే ఎక్కువ వదులు పెడతారు, ఆ లెక్క మనకు పనికిరాదు. ఆ స్వెట్టరును మంచం మీద సాగదీయకుండా పరిచి ఆరు కొలతలు రాసుకోండి. చంక కింద ఒక అంగుళం దిగి అడ్డంగా కొలిచి దాన్ని రెట్టింపు చేస్తే ఛాతీ. ఒక భుజం కుట్టు నుంచి ఇంకో భుజం కుట్టు దాకా భుజం వెడల్పు. భుజం నుంచి నిలువుగా చంక దాకా చంక లోతు. చెయ్యి దండ దగ్గర చుట్టుకొలత. మొత్తం పొడవు. ఆరోది అందరూ మర్చిపోయేది: వెనక మెడ మధ్య నుంచి భుజం మీదుగా మణికట్టు దాకా ఒకే గీతగా కొలత. ఈ ఆరో కొలత ఎంత ముఖ్యమో నా మొదటి పరాభవం చెప్పేటప్పుడు తెలుస్తుంది.

ఇక వదులు. ఒంటి కొలతకీ స్వెట్టరు కొలతకీ తేడా. ఒంటికి అంటిపెట్టుకున్నట్టు ఉండాలంటే ఒకటి రెండు అంగుళాలు చాలు. చొక్కా మీద వేసుకునే మగవాళ్ళ స్వెట్టరుకి నాలుగు దాకా కావాలి. డ్రాప్ షోల్డర్ అయితే నాలుగు నుంచి ఎనిమిది అంగుళాలు. ఊలు ఎంత లావైతే అంత వదులు పెంచాలి, ఎందుకంటే అల్లిక మందం లోపలి వైపు చోటు తినేస్తుంది. బయట నుంచి 40 అంగుళాలు కొలిచిన లావుపాటి స్వెట్టరు లోపల 40 ఉండదు.

డ్రాప్ షోల్డర్: అల్లడం తేలిక, కుదరడం దైవాధీనం

ముందు ఒక దీర్ఘచతురస్రం, వెనక ఒకటి, రెండు చేతులు. చంక దగ్గర తగ్గించేది ఏమీ లేదు, మెడ దగ్గర కాస్త వంపు, అంతే. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అందరూ దీన్నే చెప్తారు. నాకూ కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పక్కింటి పిన్నిగారు దీంతోనే మొదలెట్టించారు. పెళ్ళైన కొత్తలో మావారికి బూడిద రంగు ఊలుతో ఒకటి అల్లాను. ఆయన ఛాతీ 40, స్వెట్టరు 46 పెట్టాను. చేతుల కోసం ఆయన భుజం ఎముక నుంచి మణికట్టు దాకా టేపు పెట్టి 23న్నర అంగుళాలు రాసుకున్నాను. అల్లి, కుట్టి, తొడిగించాను. చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. ఆయన ఆ చేతులు ఊపుకుంటూ ఇల్లంతా తిరిగి, "హనుమంతుడి తోకకి చుట్టడానికి పనికొస్తుంది" అన్నారు.

తప్పెక్కడంటే, డ్రాప్ షోల్డర్‌లో భుజం కుట్టు భుజం మీద ఉండదు, దండ మీదకి దిగుతుంది. 46 చుట్టుకొలత అంటే ముందు ముక్క వెడల్పు 23, అందులో సగం 11న్నర. ఆయనకి వెనక మెడ మధ్య నుంచి మణికట్టుకి 32 అంగుళాలు. 32లోంచి 11న్నర తీసేస్తే చెయ్యి అల్లాల్సింది 20న్నరే. నేను మూడంగుళాలు ఎక్కువ అల్లాను. ఇందాక చెప్పిన ఆరో కొలత నా దగ్గర ఉంటే ఈ గొడవే లేదు. ఏ పద్ధతిలో అల్లినా ఈ లెక్క పనిచేస్తుంది: మెడ మధ్య నుంచి మణికట్టు దాకా ఉన్నదాంట్లోంచి, ఒంటి ముక్క ఎంత దూరం కప్పుతోందో అంత తీసేయండి, మిగిలింది చెయ్యి.

డ్రాప్ షోల్డర్ సన్నగా, పొడుగ్గా ఉన్నవాళ్ళకీ, వదులుగా వేసుకునే కాలేజీ పిల్లలకీ, మూడేళ్ళ లోపు పసివాళ్ళకీ బాగుంటుంది. భుజాలు సన్నగా, ఛాతీ బరువుగా ఉన్నవాళ్ళకి వద్దే వద్దు. చంక కింద మడతలు పడి, ఉన్నదానికంటే లావుగా కనిపిస్తారు. ఒంటికి దగ్గరగా ఉండే డ్రాప్ షోల్డర్ కావాలంటే దానికీ ఒక ఉపాయం ఉంది. ఇంగ్లండు తీరాల్లో జాలర్లు వేసుకునే గాన్సీ స్వెట్టర్లు ఒంటికి అతుక్కున్నట్టు ఉంటాయి, అయినా వల లాగేటప్పుడు చంక పట్టదు. చంక కింద ఒక చదరపు ముక్కని మూల కిందికి వచ్చేలా కలిపి అల్లుతారు. మన పాతకాలపు లాల్చీలో చంక కింద వేసే చదరపు గుడ్డ ముక్క చేసే పనే అది. తాతగారి లాల్చీ చూసినవాళ్ళకి ఇంకేం వివరించక్కర్లేదు.

సెట్-ఇన్: కష్టం ఎక్కువ, ఫలితం ఖాయం

బ్లౌజుకి చంక ఎలా గుండ్రంగా కత్తిరిస్తారో, చేతికి పైన గంట ఆకారంలో వంపు ఎలా వస్తుందో, అదే ఇక్కడా. ఒంటి ముక్కలు చంక దాకా తిన్నగా అల్లి, అక్కడ కొన్ని కుట్లు మూసేసి, ఆ తర్వాత వరస విడిచి వరస ఒక్కో కుట్టు తగ్గించుకుంటూ భుజం వెడల్పుకి తెస్తాం. చేతిని విడిగా అల్లి, పైన వంపు వేసి, చంకలో కూర్చోబెట్టి కుడతాం.

దీని గొప్పతనం ఏమిటంటే భుజం వెడల్పు, ఛాతీ, దండ మూడూ వేటికవి స్వతంత్రం. ఒకటి మారిస్తే రెండోది చెడదు. రాగ్లాన్‌కీ యోక్‌కీ ఈ సౌకర్యం లేదు. నలభై దాటాక మనలో చాలామందికి ఛాతీ పెరుగుతుంది కానీ భుజాలు పెళ్ళినాటివే ఉంటాయి. ప్యాటర్న్‌లు మాత్రం ఛాతీతో పాటు భుజాన్ని కూడా పెంచుకుంటూ పోతాయి. ఛాతీ 42 అని ఆ సైజు అల్లితే భుజం కుట్టు జారిపోతుంది. ఇలాంటివాళ్ళు చంకల కింద నుంచి, రొమ్ము పైభాగంలో టేపు చుట్టి ఒక కొలత తీసుకోండి. అది 38 వస్తే 38 సైజు అల్లండి. కావాల్సిన అదనపు చోటు ముందు ముక్కలో మాత్రమే పెంచుకోండి. ముందు భాగంలో అక్కడక్కడా వరస చివరిదాకా వెళ్ళకుండా మధ్యలోనే తిరిగొచ్చే పొట్టి వరసలు ఒక రెండంగుళాల మేర వేస్తే, ముందు అంచు పైకి లేచి పొట్ట కనిపించడం కూడా ఆగిపోతుంది. వెనక ముక్కని ముట్టుకోవద్దు.

అందరూ భయపడేది చేతి వంపుకి. నేను వాడే లెక్క ఇది. చంక దగ్గర ఒంటి ముక్కకి ఎన్ని కుట్లు మూస్తే చేతికీ అన్నే మూయాలి, అవి రెండూ ఒకదానికొకటి ఎదురెదురుగా కుట్టుకోవాలి కాబట్టి. వంపు ఎత్తు చంక లోతులో మూడింట రెండు వంతుల దగ్గర ఉండాలి. లోతు 8 అంగుళాలైతే వంపు 5 నుంచి 5న్నర. ఎత్తు మరీ ఎక్కువైతే భుజం మీద బుగ్గ చేతిలా ఉబ్బుతుంది, తక్కువైతే చెయ్యి ఎత్తినప్పుడు సుఖంగా ఉన్నా దించినప్పుడు చంకలో గుడ్డ పోగవుతుంది. అల్లడం అయ్యాక కుట్టేముందు ఒక దారం తీసుకుని చేతి వంపు అంచు వెంట పరిచి కొలవండి, అదే దారంతో చంక అంచు కూడా కొలవండి. చేతి వంపు ఓ అరంగుళం ఎక్కువ ఉంటే కుట్టేటప్పుడు సర్దుకుంటుంది. రెండంగుళాలు తేడా వస్తే మొండిగా కుట్టకండి. వంపు మాత్రం విప్పి మళ్ళీ అల్లండి. ఇరవై వరసలు విప్పడం ఒక సాయంత్రం పని, కుదరని స్వెట్టరు బీరువాలో పదేళ్ళు కూర్చుంటుంది.

కుట్టడం ఇష్టం లేనివాళ్ళకి మధ్యేమార్గం ఒకటుంది. ఒంటిని అల్లి భుజాలు కలిపేశాక, చంక అంచు చుట్టూ కుట్లు లేపుకుని, పైన పొట్టి వరసలతోనే వంపు తెచ్చుకుంటూ చేతిని కిందికి అల్లుకుపోవచ్చు. నేను ఇప్పుడు ఎక్కువగా ఇలాగే చేస్తున్నాను. చెయ్యి తొడిగి చూసుకుంటూ పొడవు ఆపుకోవచ్చు.

రాగ్లాన్: తొడిగి చూసుకుంటూ అల్లే సుఖం

1815లో వాటర్లూ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న ఒక ఇంగ్లీషు సైన్యాధికారి తర్వాత రాగ్లాన్ ప్రభువయ్యాడు. మెడ నుంచి చంక దాకా ఏటవాలు కుట్టు ఉండే కోటు చేతికి ఆయన పేరే వచ్చింది. ఆయన బ్రిటిష్ సేనని నడిపించిన క్రిమియా యుద్ధంలోనే, ముందు తెరిచి గుండీలు పెట్టే స్వెట్టరుకి పేరిచ్చిన కార్డిగన్ ప్రభువు అశ్వదళంతో ముందుకురికాడు. అది జరిగింది 1854లో బాలాక్లావా దగ్గర. మనం మంకీ క్యాప్ అంటున్న దానికి ఇంగ్లీషులో పేరు బాలాక్లావా. మన ఇళ్ళల్లో శీతాకాలపు మూటలోని మూడు వస్తువులకి ఒకే యుద్ధంలోంచి పేర్లొచ్చాయన్నమాట. అల్లికకి ఇది అవసరం లేదు, నాకు మాత్రం ప్రతి చలికాలం గుర్తొస్తుంది.

ఇప్పుడు రాగ్లాన్‌ని ఎక్కువమంది మెడ దగ్గర మొదలుపెట్టి, తీగ ఉన్న సర్క్యులర్ సూది మీద గుండ్రంగా కిందికి అల్లుతున్నారు. నాలుగు ఏటవాలు గీతలు, ఒక్కో గీతకి అటొకటి ఇటొకటి కుట్టు పెరుగుతుంది, అంటే పెంచే ప్రతి చుట్టులో 8 కుట్లు. ముక్కలు కుట్టే పని లేదు. చంక దాకా వచ్చాక కుట్లన్నీ ఒక దారం మీదకి ఎక్కించి తొడిగి చూసుకోవచ్చు. నచ్చకపోతే విప్పేది పై భాగమే.

చిక్కు ఎక్కడుందో ఒక లెక్కతో చూపిస్తాను. మీ అల్లిక నాలుగు అంగుళాలకి 22 కుట్లు, 30 వరసలు అనుకుందాం. మెడకి 88 కుట్లు, అంటే 16 అంగుళాలు. ముందు 30, వెనక 30, చేతులు చెరో 14. చంక లోతు 8 అంగుళాలు, అంటే 60 చుట్లు, చుట్టు విడిచి చుట్టు పెంచితే 30 సార్లు. చంక దగ్గరికొచ్చేసరికి ముందు 90, వెనక 90, చేతులు చెరో 74. చంక కింద ఒక్కోవైపు 12 కుట్లు కొత్తగా ఎక్కిస్తే ఒంటికి 204 కుట్లు, 37 అంగుళాలు. 35 ఛాతీ ఉన్నవాళ్ళకి రెండంగుళాల వదులు, చక్కగా ఉంది. చేతిని చూడండి: 74కి 12 కలిపితే 86 కుట్లు, 15న్నర అంగుళాలు దాటింది. దండ 12 అంగుళాలున్న మనిషికి ఇది గాలి సంచి.

ఒంటికీ చేతికీ ఒకే వేగంతో కుట్లు పెరగడమే దీనికి కారణం. మందు చిన్నదే. 30 సార్లలో చివరి 6 సార్లు చేతి వైపు పెంచడం మానేసి, ఒంటి వైపు మాత్రమే పెంచండి. చెయ్యి 62 దగ్గర ఆగుతుంది, చంక కుట్లు కలిపితే 74, అంటే 13న్నర అంగుళాలు. సరిపోయింది. దండలు లావుగా ఉండి ఛాతీ తక్కువున్నవాళ్ళు ఇదే తిరగేసి చేసుకోవాలి. ప్యాటర్న్‌లో ఈ వెసులుబాటు రాసి ఉండదు, మీరే చేసుకోవాలి. ఇంకో సంగతి, పైన చెప్పినట్టు ముందూ వెనకా సమానంగా మొదలుపెడితే మెడ గొంతుకి ఆనుకుంటుంది. వెనక భాగంలో నాలుగైదు పొట్టి వరసలు వేసి వెనక మెడని కాస్త ఎత్తు చేస్తే ఆ బాధ పోతుంది.

రాగ్లాన్‌లో అడ్డం కుట్లతో పాటు నిలువు వరసల లెక్క కూడా కచ్చితంగా కలవాలి. వరసలు కలవకపోతే సెట్-ఇన్‌లో ఇంకో నాలుగు వరసలు అల్లి సరిపెట్టుకోవచ్చు. ఇక్కడ వరసకీ కుట్టుకీ ముడి పడి ఉంది, ఒకటి లాగితే రెండోదీ వస్తుంది. జారుడు భుజాలున్నవాళ్ళకి ఏటవాలు గీతలు ఆ జారుడుని ఇంకా ఎత్తి చూపిస్తాయని నా అభిప్రాయం, కాదనేవాళ్ళూ ఉన్నారు.

గుండ్రటి యోక్: నలుగురూ చూసేది, లెక్క తేలికైనది

ఐస్‌లాండ్ స్వెట్టరు బొమ్మ చూసే ఉంటారు, మెడ చుట్టూ హారంలా రంగుల డిజైన్. దాన్ని లోపపేసా అంటారు. అక్కడి గొర్రెల లోపి ఊలుతో అల్లుతారు. పాతది అనిపిస్తుంది కానీ ఆ యోక్ రూపం ఇరవయ్యో శతాబ్దం మధ్యలో వచ్చిందే. ఇందులో ఏటవాలు గీతలుండవు, కుట్లు మెడ చుట్టూ వలయాలుగా తగ్గుతాయి.

దీనికి సులువైన లెక్క చెప్పింది ఎలిజబెత్ జిమ్మర్‌మన్. ఇంగ్లండులో పుట్టి అమెరికాలోని విస్కాన్సిన్‌లో స్థిరపడిన అల్లిక పంతులమ్మ. ఒంటికి ఎన్ని కుట్లో అదే నూరు శాతం, మిగతావన్నీ దాంట్లో వంతులు. ఒంటికి 200 అనుకోండి. మణికట్టు 20 శాతం, 40 కుట్లు. దండ దగ్గర మూడో వంతు, 66. చంక కింద పక్కన పెట్టేవి 8 శాతం, 16. కింది నుంచి అల్లుకొచ్చి ఒంటినీ రెండు చేతుల్నీ ఒకే సూది మీద కలిపితే 332, అందులో నాలుగు చోట్ల 16 చొప్పున 64 పక్కన పెడితే 268. యోక్ సగం ఎత్తులో నాలుగు కుట్లకి ఒకటి తగ్గించండి, 201. ముప్పావు ఎత్తులో మూడుకి ఒకటి, 134. చివర అయిదుకి రెండు తగ్గిస్తే సుమారు 80. అది 200లో 40 శాతం, మెడ. ఎంత ముద్దుగా కూర్చుందో చూడండి. యోక్ ఎత్తు ఒంటి చుట్టుకొలతలో నాలుగో వంతు. ఛాతీ 44 దాటినవాళ్ళకి మాత్రం ఈ నాలుగో వంతు మరీ లోతవుతుంది, కాస్త తగ్గించుకోవాలి.

ముఖం, భుజాలు అందంగా కనిపించాలనుకునేవాళ్ళకి ఇది పెట్టింది పేరు. సన్నటి భుజాలకీ జారుడు భుజాలకీ నప్పుతుంది. వెడల్పు భుజాలున్న మగవాళ్ళకి భుజం చివర లాగినట్టు ఉంటుంది. రంగుల డిజైన్ వేస్తే వెనక దారాలు పరిగెత్తడం వల్ల అల్లిక బిగుసుకుంటుంది. ఆ భాగానికి ఒక సైజు లావు సూది వాడకపోతే తల పట్టని స్వెట్టరు తయారవుతుంది.

ఊలుని బట్టి కూడా నిర్ణయం మారుతుంది

మన ఊళ్ళల్లో దుకాణాల్లో దొరికేది ఎక్కువగా లుధియానా నుంచి వచ్చే యాక్రిలిక్, అంటే కృత్రిమ దారం. చవక, రంగులు బోలెడు, మెషీన్‌లో వేసినా ఏం కాదు. కానీ అసలు ఊలులా తడిపి పరిచి ఆరబెడితే ఆకారం సర్దుకునే గుణం దానికి తక్కువ. అల్లేటప్పుడు ఎంత వచ్చిందో అంతే. అందుకని యాక్రిలిక్‌తో అల్లేవాళ్ళు మచ్చు ముక్క (ముందుగా అల్లి కొలిచి చూసుకునే చిన్న ముక్క) విషయంలో రెట్టింపు జాగ్రత్త పడాలి. దాని మీద ఇస్త్రీ పెట్టి వేడి ఆవిరి తగిలిస్తే జీవం పోయి గుడ్డపేలికలా జారిపోతుంది.

నూలుకి బరువెక్కువ, సాగే గుణం తక్కువ. వేలాడదీస్తే పొడవు పెరుగుతుంది. నూలు స్వెట్టరుని అతుకు కుట్లు లేని రాగ్లాన్‌గా అల్లితే నెలరోజుల్లో మోకాళ్ళ మీదకి వస్తుంది. భుజం కుట్లు, పక్క కుట్లు ఉంటే అవి ఎముకల్లా నిలబెడతాయి. కాబట్టి నూలైతే సెట్-ఇన్, ముక్కలుగా అల్లి కుట్టడమే. హైదరాబాదు చలికి నిజానికి నూలు స్వెట్టరే హాయి. లంబసింగి వెళ్ళాలన్నా, ఆదిలాబాద్‌లో డిసెంబర్ తెల్లవారుజామున బస్టాండులో నిలబడాలన్నా ఊలు కావాలి. అసలు ఊలుని గోరువెచ్చని నీళ్ళలో ఊరికే నానబెట్టి, తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టండి. పనమ్మాయికి చెప్పకపోతే వేడినీళ్ళలో రుద్ది ఉతుకుతుంది, పాపం ఆమె తప్పేం లేదు, బొమ్మకి సరిపోయే సైజుకొస్తుంది.

కొనేటప్పుడు ఒకేసారి కొనండి, లేబుల్ మీద డై లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పే అంకె) ఒకటేనా చూసుకోండి, ఒక ఉండ ఎక్కువ తీసుకోండి.

మచ్చు ముక్క, సూది నంబరు

మచ్చు ముక్క అల్లకుండా మొదలుపెట్టేవాళ్ళకి ఒక్క లెక్క చెప్తాను. అంగుళానికి 5 కుట్లు వస్తాయనుకుని 40 అంగుళాల స్వెట్టరుకి 200 కుట్లు ఎక్కించారు. మీ చెయ్యి కాస్త బిగువు, నిజానికి 5న్నర వస్తోంది. తయారయ్యేది 36 అంగుళాలు చిల్లర. అరకుట్టు తేడా, రెండు సైజులు చిన్నది. ఆరంగుళాల చదరం అల్లి, ఉతికి, ఆరాక మధ్యలో నాలుగు అంగుళాలు కొలవండి. గుండ్రంగా అల్లబోతుంటే మచ్చు కూడా గుండ్రంగానే అల్లాలి. చాలామందికి పర్ల్ వరస (వెనక వైపు నుంచి అల్లే తిరగేసిన కుట్ల వరస) నిట్ వరస (ముందు వైపు అల్లే మామూలు కుట్ల వరస) కంటే వదులుగా వస్తుంది, గుండ్రంగా అల్లేటప్పుడు పర్ల్ ఉండదు కాబట్టి లెక్క మారిపోతుంది.

సూదుల దగ్గర ఇంకో ఉచ్చు. మన పాత సూదుల మీద ఇంగ్లీషు నంబర్లు, నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది: 8 నంబరు 4 మిల్లీమీటర్లు, 10 నంబరు 3.25. అమెరికా నంబర్లు తిరగేసి ఉంటాయి, అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు. డల్లాస్ నుంచి అమ్మాయి పంపిన ప్యాటర్న్‌లో "8 నంబరు" చూసి మా చెల్లెలు ఇక్కడి 8తో మొదలుపెట్టింది. మనవడికి అల్లింది వాడి టెడ్డీకి సరిపోయింది. నంబరు చూడొద్దు, మిల్లీమీటర్లు చూడండి.

ఇంతకీ ఎవరికి ఏది

అమెరికాలో ఉన్న పిల్లలకి అల్లేవాళ్ళు లావు ఊలు కొనేస్తారు, అక్కడ మంచు కదా అని. వాళ్ళ ఇళ్ళూ ఆఫీసులూ వెచ్చగానే ఉంటాయి, బయటికి వెళ్తే పైన పెద్ద కోటు వేస్తారు. ఆ కోటు కింద డ్రాప్ షోల్డర్ వేస్తే చంకలో మూట కట్టుకున్నట్టే. సన్నటి ఊలుతో సెట్-ఇన్ అల్లి పంపండి. కొలతలు ఫోన్లో అడిగితే ఏదో ఒక అంకె చెప్పేస్తారు, వాళ్ళకి నచ్చిన స్వెట్టరుని పరిచి పక్కన టేపు పెట్టి ఫొటో తీసి పంపమనండి.

ఎదిగే పిల్లలకి పైనుంచి కిందికి అల్లిన రాగ్లాన్. వచ్చే ఏడాది చేతి చివరా, నడుము చివరా ఉన్న రిబ్ (సాగే అంచు పట్టీ) విప్పి రెండంగుళాలు పెంచొచ్చు. అందుకే మిగిలిన ఉండ పారేయకూడదు. పసిపిల్లలకి ఏదైనా ఒకటే, తల పట్టేలా భుజం మీద రెండు గుండీలు ఉంటే చాలు. ఛాతీ బరువు, భుజం సన్నం ఉన్న ఆడవాళ్ళకి సెట్-ఇన్ తప్ప నేను ఇంకోటి చెప్పను. మొదటిసారి అల్లుతున్నారా? డ్రాప్ షోల్డర్ తేలికని అందరూ అంటారు, నేను రాగ్లాన్ అంటాను, తొడిగి చూసుకోవచ్చు కాబట్టి. పెళ్ళికో పండక్కో ఫొటోల కోసమైతే యోక్.

పెద్దవాళ్ళ సంగతి వేరు. చెయ్యి పైకెత్తి తల మీదుగా తొడుక్కోవడం వాళ్ళకి శిక్ష. ముందు తెరిచి గుండీలు పెట్టే రాగ్లాన్ కార్డిగన్ అల్లండి, చంక లోతు మామూలు కంటే ఒక అంగుళం ఎక్కువ పెట్టండి, గుండీలు పెద్దవి వేయండి, వణికే వేళ్ళకి దొరకాలి. ప్రస్తుతం నా సూదుల మీద ఉన్నది అదే. మా మామగారికి 82, కుడి భుజం సగం వరకే లేస్తుంది. చంక దాకా అల్లాను, కుట్లన్నీ ఎర్ర దారం మీద ఉన్నాయి. రేపు పొద్దున ఆయన కాఫీ తాగాక తొడిగి, చెయ్యి వెనక్కి పోనిచ్చి చూడాలి. పట్టేస్తే ఆరు వరసలు విప్పుతాను.